ఎల్దోస్ కాళ్ళ తాడు ఎవరు కోస్తారు

కరగంద, పునరావాస ఆసుపత్రి
మార్చి మొదటి వారం

తమ్ముడు మార్దెన్‌కు,

ఫోనులో నేను ఒక్క మాట అంటే నువ్వు నాలుగుసార్లు "ఆఁ? ఏంటక్కా? మళ్ళీ చెప్పు" అంటున్నావు. పక్షవాతం కొట్టింది నా మూతినీ ఎడమ పక్కనీ గానీ నీ చెవుల్ని కాదు కదా! నా కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. ఇకమీదట ఉత్తరాలే. మన పల్లె బస్సు డ్రైవరు చేతికి ఇస్తాను, నువ్వూ అతని చేతికే ఇవ్వు.

ఇక్కడి వైభోగం చెబుతాను విను. ట్రెడ్‌మిల్ అని ఒక యంత్రం ఉంది. నల్లటి రబ్బరు బెల్టు వెనక్కి పోతూ ఉంటుంది, దాని మీద మనం ముందుకు నడవాలి. చెమటలు కక్కేలా నడిచినా ఉన్నచోటే ఉంటాం. మన జిల్లా ఆఫీసులో పనులు ఎలా సాగుతాయో నాకు ఇప్పటికి అర్థమైంది. పైగా నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, నా బరువులో సగం పైనుంచి లాగి పట్టుకుంటారు. చలికాలానికి కోసి కొక్కేనికి తగిలించిన గుర్రం మాంసంలా వేలాడుతూ ఉంటాను. తొగ్జాన్ అనే పిల్ల, ఇక్కడి ఫిజియోథెరపిస్టు, పక్కనే చిన్న స్టూలు మీద కూర్చుని నా ఎడమ మడమ పట్టుకుని ముందుకు తోస్తుంది. "పాదాలకేసి చూడకండి బామ్మా, ఎదురుగా అద్దంలోకి చూడండి" అంటుంది. అద్దంలో ఏముంది చూడటానికి? ఎవరో వంకరమూతి ముసల్ది, నన్ను చూసి మొహం చిట్లిస్తూ ఉంటుంది.

రైలు పట్టాల వెంట బోల్టులు తట్టి చూసుకుంటూ మంచులో, గాలిలో నడిచి ఉద్యోగం చేసినదాన్ని. నాకు నడక నేర్పుతారట, అదీ రబ్బరు మీద!

సరే, అసలు సంగతికి వస్తాను. నీ మనవడు ఎల్దోస్ ఈ ఎండాకాలంలో అడుగులు వేస్తాడు. అడుగులు మొదలయ్యాక ఆనవాయితీగా వాడి కాళ్ళకు కట్టే తాడు కోయాల్సింది నేను. మన పల్లెలో నడక మొదలుపెట్టిన ఏ బిడ్డకైనా ఆ తాడు నేనే కోశాను, నీ కొడుకు నుర్కెన్‌కు కూడా. కోసినవాళ్ళ నడకే బిడ్డకు వస్తుందని, నా నడకలాంటిది ఈ చుట్టుపక్కల లేదని గదా అందరూ నా గుమ్మం ఎక్కేవాళ్ళు! ఆ తాడు కోయడానికే ఈ దిక్కుమాలిన బెల్టు మీద వేలాడుతున్నాను. ఇంకెవరి చేతికీ కత్తి ఇవ్వకు.

నువ్వు రావాలనేమీ లేదు. గొర్రెలు ఈనే కాలం, నాకు తెలుసు.

బాతిమా


తస్బులాక్ పల్లె
మార్చి

అక్కకు సలాం.

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. నోరు వంకర పోయినా కలం వంకర పోలేదు. సంతోషం.

ఇక్కడ అందరం బాగున్నాం. గొర్రెలు ఈనుతున్నాయి, ఊపిరి తీసుకునే తీరిక లేదు. దారి కూడా కరిగి బురద బురదగా ఉంది. లేకపోతే ఒకసారి వచ్చి చూసి పోదును.

ఎల్దోస్ విషయం నువ్వేమీ కంగారు పడకు. వాడు వట్టి బద్ధకస్తుడు. కూర్చోబెట్టినచోట మూటలా కూర్చుంటాడు, ఎండు జున్నుముక్క చేతికిస్తే ఇక ఉలకడు పలకడు. వీడు నడిచే లోపల నువ్వు పరుగెత్తుతావు. నిదానంగా కోలుకో.

కోడలు గౌహర్ వాళ్ళమ్మ రిస్తి వచ్చి మా దగ్గర ఉంటోంది. నీ మరదలు పోయాక ఇంట్లో ఆడదిక్కు తక్కువైంది కదా, ఆవిడ ఉంటే కాస్త ఆసరాగా ఉంది. చక్కగా, చురుగ్గా నడుస్తుంది.

మార్దెన్


కరగంద
ఏప్రిల్

మార్దెన్‌కు,

వియ్యపురాలు "చురుగ్గా నడుస్తుంది" అని ఎవరడిగారు నిన్ను? ఇంట్లో ఎవరు ఎలా నడుస్తున్నారో రాసే అలవాటు నీకు ఎప్పటినుంచి? ఆ రిస్తి నడక నాకు తెలియదా! నిండు పాలబిందె మోస్తున్నదానిలా మెడ నిక్కించి నడుస్తుంది. జన్మలో బిందె ఎత్తిన పాపాన పోలేదు. పెళ్ళినాడు నుర్కెన్ ఇంటి గుమ్మం దాటడానికే అరపూట పట్టింది మహాతల్లికి.

నా సంగతి దివ్యంగా ఉంది. పట్టీలు తీసేశారు. బెల్టు వేగం పెంచారు. ఈ మధ్య నేను నడుస్తుంటే పక్క వార్డువాళ్ళు కూడా వచ్చి చూసి పోతున్నారు.

తొగ్జాన్‌ను ఒకరోజు నిలదీశాను. "ఇంతకీ ఈ యంత్రం అందరికీ నడక తెప్పిస్తుందా?" అన్నాను. ఆ పిల్ల అబద్ధం ఆడదు, అదొక రోగం దానికి. "కాస్తో కూస్తో నడవగలిగినవాళ్ళకు వేగం పెరుగుతుంది బామ్మా, ఎక్కువదూరం నడవగలుగుతారు. అసలు లేచి నిలబడలేనివాళ్ళ విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోలేం" అంది. ఉన్నవాడికే పెట్టడం! యంత్రాలకు కూడా ఈ బుద్ధులు ఎవరు నేర్పారో. "మరి నేనే రకం?" అంటే, "మీరు తిట్టే రకం, తప్పకుండా నడుస్తారు" అని మళ్ళీ మడమ పట్టుకుంది.

ఎల్దోస్‌కు ఏడాది దాటి రెండు నెలలైంది. మూటలా కూర్చుంటాడని రాశావు. మన వంశంలో మూటలా కూర్చున్నవాడివి నువ్వొక్కడివే. నీ తాడు కోసింది నిద్రమొహం చిన్నాన్న కాబట్టి ఆ రాత పట్టింది. వాడు నిజంగా ఇంకా నడవడం లేదా? నేను అడిగినదానికి జవాబు రాయి. గొర్రెల సంగతి రాయకు.

బాతిమా


తస్బులాక్
మే మొదట్లో

అక్కకు సలాం.

నీ ఆరోగ్యం కుదుటపడుతున్నందుకు అందరం సంతోషించాం. పట్టీలు తీసేశారంటే మాటలా!

ఎల్దోస్ ఈమధ్యే అడుగులు మొదలుపెట్టాడు. ఈమధ్యే అంటే, కొంచెం ముందే. నీకు చెబితే తొందరపడి ఆసుపత్రి వదిలి వచ్చేస్తావేమోనని చెప్పలేదు. తాడు కోసే పండుగ జూన్‌లో పెట్టుకున్నాం. రెండు గొర్రెలు కోస్తాం. గుర్రప్పాలు కూడా అప్పటికి పులిసి సిద్ధంగా ఉంటాయి.

ఒక మాట. కోపం తెచ్చుకోకు. నువ్వు వస్తే నిన్ను పెద్దల చోటులో, మెత్తటి పరుపు మీద కూర్చోబెడతాం. మొదటి దీవెన నీదే. తాడు మాత్రం రిస్తి చేత కోయిద్దామని గౌహర్ అంటోంది. దాని మనసులో ఏదో శంక. నలుగురూ అనుకునే మాటే కదా, కోసినవాళ్ళ నడక పిల్లవాడికి వస్తుందని. బిడ్డను కన్నతల్లి, ఆమె మాట కూడా కాదనలేం. నేనేమీ అనలేదు. నన్ను మధ్యలోకి లాగకు.

గుర్రాలు కొండ మీదికి తోలాలి, అందుకే ఇప్పుడు రాలేకపోతున్నాను.

మార్దెన్


కరగంద
మే

మార్దెన్!

నీ మొహానికి సలాం ఒకటి!

మెత్తటి పరుపా? నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, నోట్లో మాంసం ముక్క పెట్టి, దీవెన పిండుకుంటారా? నేను చచ్చాక సమాధి మీద కూడా అలాగే పరుపు వేయండి, మీ మర్యాద పూర్తవుతుంది.

నీ కోడలి శంక సంగతి విన్నాను. పెళ్ళికూతురిగా వచ్చిన కొత్తల్లో పాలు పితకడం చేతకాక ఆవు వెనకాల నిలబడి ఏడ్చిన పిల్ల అది. పక్కన కూర్చుని నేర్పింది ఎవరు? దాని కన్నతల్లా? ఇప్పుడు నా ఎడమకాలు దాని కొడుక్కి అంటుకుంటుందట! నా కాలు గజ్జి అనుకుందా? చెప్పు ఆ గౌహర్‌తో, ఇదే మాట నా ఎదుట నిలబడి చెప్పమను. ఆ రిస్తితో కూడా చెప్పు, కత్తి పట్టేముందు తన నడక అద్దంలో ఒకసారి చూసుకోమని. ఇక్కడ పెద్ద అద్దం ఉంది, ఊరికే చూడొచ్చు.

నువ్వేమీ అనలేదు! నువ్వెప్పుడన్నావు గనక! ఒక పక్క అక్క, ఒక పక్క కోడలు, మధ్యలో గోడమీద పిల్లిలా కూర్చుని మీసం దువ్వుకుంటూ ఉంటావు.

మార్దెన్, నాకు బాధగా ఉంది. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను? పక్షవాతం వచ్చిన రోజున కూడా ఇంత బాధ కలగలేదు. ఆ రోజు నా కాలు నన్ను కాదంది, అంతే. ఇప్పుడు మీరంతా కాదంటున్నారు. పిల్లలు పుట్టని నాకు ఆ పల్లె పిల్లలందరి నడకలోనూ కాస్త వాటా ఉందని అనుకునేదాన్ని. అది కూడా వెనక్కి తీసుకుంటున్నారు.

జూన్‌లో వస్తాను. అందరి ముందూ పిల్లవాణ్ణి నడిపించే తెల్లగుడ్డ మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తాను. అప్పుడు చెప్పమను నీ కోడల్ని.

బాతిమా


తస్బులాక్
మే చివర

అక్కకు సలాం.

అంతంత మాటలు కాగితం మీద పెట్టకు. నీ ఉత్తరం బల్ల మీద మరిచిపోయి గుర్రాల దగ్గరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఉన్నచోటే ఉంది, ఎవరూ చూసినట్టు లేదు. గౌహర్ మాత్రం రెండు రోజులుగా నాతో ముభావంగా ఉంటోంది. పుట్టింటివైపు ఏదో పని ఉందని పిల్లవాడితో పాటు పొద్దున్నే బస్సెక్కి పోయింది.

పండుగకు నువ్వు ఇంత దూరం రావడం అవసరమా అని నా ఆలోచన. బస్సు కుదుపులు నీ ఒంటికి మంచివి కావు. ముసలీముతకా అందరూ నీ కాలికేసే చూస్తారు, నీకు చిన్నతనంగా ఉంటుంది. నీ మంచికే చెబుతున్నాను.

మార్దెన్


కరగంద
జూన్ మొదటి వారం

మార్దెన్‌కు,

కాస్త కూర్చుని చదువు. నిలబడి చదివితే నువ్వూ నా పక్క మంచం మీదికే వస్తావు.

నీ కోడలు పుట్టింటికి పోలేదు. ఇక్కడికి వచ్చింది. నేను యంత్రం మీద ఉన్నాను, పట్టీల్లో వేలాడుతూ. పట్టీలు తీసేశారని నీకు రాసింది పచ్చి అబద్ధం. వేగం పెంచింది మాత్రం నిజం. తలుపు తీసుకుని గౌహర్ వచ్చింది, చంకలో ఎల్దోస్. నన్ను ఆ అవతారంలో చూసిందన్న ఉక్రోషం కొద్దీ నోటికొచ్చినట్టు తిట్టాను. నా నత్తిమాటల్లో ఏం అర్థమైందో ఏమో, అంతా విని, నీ బల్ల మీది ఉత్తరం సంచిలోంచి తీసి నా ముందు పెట్టింది. నువ్వు బల్ల మీద చూసుకున్నది వట్టి కవరు.

"అత్తయ్యా, మా అమ్మ చేత కోయించాలని నేనెప్పుడన్నాను?" అంది.

"నువ్వు కాకపోతే ఎవరే?" అన్నాను.

"మావయ్యేనండీ! వెళ్ళి మా అమ్మని బతిమాలి మరీ తీసుకొచ్చారు. ఆవిడకేమో మోకాళ్ళు పట్టేసి, రాత్రయితే గొర్రెకొవ్వు రాసుకుని మూలుగుతుంది. 'అన్నయ్యగారూ, నా వల్ల కాదు మొర్రో' అంటే, 'కాస్త కుంటడమే కదా వదినా, కాలు ఈడవట్లేదు కదా, అది చాలు' అన్నారు. నేను మొదట్నించీ బాతిమా అత్తయ్యే కొయ్యాలంటూనే ఉన్నా. ఆవిడ ఇష్టపడట్లేదు, సిగ్గుపడుతోంది, రానంటోంది అని మావయ్యే చెప్పారు."

చదివావా? మరోసారి చదువు.

ఇన్ని నెలలుగా నేను తిట్టిన తిట్లన్నీ ఆ పిల్లకూ, మోకాళ్ళ నొప్పులతో మూలిగే ఆ అమాయకురాలికీ పోయాయి. ఒక్కటీ చేరాల్సిన చోటికి చేరలేదు. దాని చేతులు పట్టుకుని క్షమించమన్నాను. నేను! అదీ తొగ్జాన్ ముందు, పట్టీల్లో వేలాడుతూ! ఆ పిల్ల నవ్వాపుకోలేక అద్దంవైపు తిరిగింది.

అప్పుడు గౌహర్ సంచిలోంచి తాడు తీసింది. నలుపూ తెలుపూ కలిపి తనే పేనిందట, చాలా వదులుగా పేనింది, ఇప్పటికీ ఏదీ సరిగా చేతకాదు దానికి. "ఇక్కడే కోసెయ్యండి అత్తయ్యా" అంది. నన్ను దింపి గచ్చు మీద నిలబెట్టారు. ఎల్దోస్ కాళ్ళకు తాడు కట్టింది. కత్తి లేదు, తొగ్జాన్ కట్లు కత్తిరించే కత్తెర ఇచ్చింది. కోశాను. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి గౌహర్ పట్టుకుని వాణ్ణి ఆ గది పొడవునా నడిపించాం. నా వెనక తొగ్జాన్ నడుముపట్టీ పట్టుకుని వచ్చింది. మధ్యలో వదిలేసిందని చివరికి చేరాక చెప్పింది. నేను వాణ్ణే చూస్తూ నడిచాను, కాలు సంగతి గుర్తులేదు. వాడు సాయంత్రం దాకా ఆ గదిలోనే ఉన్నాడు. పంపించబుద్ధి కాలేదు.

కాబట్టి నీ పండుగ నువ్వు చేసుకో. గొర్రెలు కోసుకో, ఊరందరినీ పిలుచుకో, రిస్తి చేత నీకు కావలసినన్ని తాళ్ళు కోయించుకో. అసలు తాడు తెగిపోయింది. నేను రావడం లేదు. చిన్నతనం నాకు కలుగుతుందని కాదు, నీకు కలుగుతుందని నువ్వు భయపడుతున్నావు గనక.

బాతిమా


తస్బులాక్
జూన్, పండుగ అయిన మర్నాడు

అక్కా,

ఏం చేశావక్కా? నిజం చెప్పు.

నీ ఉత్తరం అందాక తప్పు నాదే అనుకున్నాను, తాడు ముందే తెగిందని పండుగలో ఎవరికీ చెప్పలేదు. రిస్తి తాడు కోసింది. మిఠాయిలు చల్లారు. పిల్లవాణ్ణి తెల్లగుడ్డ మీద వదిలారు. వాడు లేచి నిలబడి, ఎడమ భుజం పైకెత్తి, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచాడు! గుడ్డ చివరిదాకా అలాగే నడిచాడు. పళ్ళు ఇకిలిస్తూ మరీ!

మన దర్జీ ముసలాయన "ఇవి వియ్యపురాలి మోకాళ్ళే" అన్నాడు. రిస్తి ఏడుస్తూ లోపలికి పోయింది. అందరూ ఆవిడనే అంటున్నారు. నాకు మాత్రం తెలుసు ఆ నడక ఎవరిదో. గౌహర్‌ను అడిగితే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు అన్నం సహించడం లేదు. పొద్దున కూడా రెండు అడుగులు అలాగే వేశాడు. తాడు మళ్ళీ కట్టి ఇంకెవరి చేతైనా కోయిస్తే పోతుందా? డాక్టరుకు చూపించాలా? నీకేమైనా విరుగుడు తెలిస్తే వెంటనే రాయి.

మార్దెన్


కరగంద
జూన్

మార్దెన్‌కు,

నీ ఉత్తరం తొగ్జాన్‌కు చదివి వినిపించాను. స్టూలు మీదినుంచి కింద పడింది.

ఒరేయ్ వెర్రివాడా, వాడు ఆ రోజు సాయంత్రం దాకా నా దగ్గరే ఉన్నాడని రాశానా లేదా? నేను కాలు ఈడిస్తే వాడూ ఈడ్చాడు. నేను భుజం ఎగరేస్తే వాడూ ఎగరేశాడు. వార్డంతా చప్పట్లు కొడితే ఇంకా రెచ్చిపోయాడు. వాడికి అదొక ఆట. రేపు మేకను చూసి మేకలా గెంతుతాడు, అప్పుడు నీ మేకను డాక్టరుకు చూపించు. విరుగుడట! నా నడకకు విరుగుడు ఉంటే ముందు నేను మింగేదాన్ని కదా. వెంటనే వెళ్ళి రిస్తికి క్షమాపణ చెప్పు. ఊరందరికీ వినబడేలా చెప్పు, అవి ఆవిడ మోకాళ్ళు కావు, బాతిమా కాలు అని. నా పేరు చెప్పడానికి సిగ్గుపడకు.

పట్టీలు నిజంగానే తీసేశారు. ఈసారి అబద్ధం కాదు, గౌహర్‌ను పంపి చూసి రమ్మను. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బెల్టు మీద నడుస్తున్నాను. గచ్చు మీద కర్రతో మెట్లదాకా పోతున్నాను. కాలు ఈడుస్తూనే ఉంది. ఇక ఇంతేనేమో అని తొగ్జాన్‌ను అడిగితే, "ఇంకొంచెం తగ్గుతుంది, మొత్తం పోదు" అంది. చెప్పానుగా దాని రోగం. రెండు రోజులు ఏడ్చాను, మూడోరోజు వెళ్ళి బెల్టు ఎక్కాను.

నన్ను ఇలా చూడలేక నువ్వు భయపడ్డావని నాకు మొదటే తెలుసు. అందుకే గొర్రెలు ఈనే కాలం అని నీ తరఫున నేనే సాకు రాసి పంపాను. ఆ తర్వాత బురద వచ్చింది, గుర్రాలు కొండెక్కాయి, పండుగ వచ్చింది. నేను నీ సాకులన్నీ పైకి నమ్ముతూ, మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు డ్రైవరు ఒక్కడే ఉత్తరం పట్టుకుని పైకి వచ్చి, "మీ తమ్ముడు ఎలా ఉన్నాడమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగాడు. గొర్రెల పనిలో ఉన్నాడని చెప్పాను.

ఏడాదిన్నర కూడా నిండని పిల్లవాడు వచ్చి నా నడక చూసి, నేర్చుకుని కూడా పోయాడు. నా కాలు ఈడుస్తుంది, మార్దెన్, కాదనను. నీ రెండు కాళ్ళూ బాగున్నాయి. చలికాలం నుంచి ఇప్పటిదాకా అవి ఒక్కసారి కూడా ఇటు రాలేదు.

బాతిమా